రాజమండ్రి బోర్డులు చదువుదాం

పుష్కరాలకో, ఆసుపత్రి పనికో, పెళ్ళి బట్టలు కొనడానికో చాలామంది రాజమండ్రి వెళ్తుంటారు. బస్సు దిగుతారు. పని చూసుకుంటారు. గోదావరికి ఒక దండం పెట్టి మళ్ళీ బస్సు ఎక్కుతారు.

చదువు రానప్పుడు బస్సు బోర్డు చూపించి ఎవరినో ఒకరిని అడగాల్సి వచ్చేది. చదువు వచ్చాక మిగతా బోర్డులు కూడా కంటపడతాయి. ఒక చోట వీరేశలింగం పేరు ఉంటుంది. ఇంకో చోట దామెర్ల రామారావు పేరు ఉంటుంది. ధవళేశ్వరం వెళ్తే కాటన్ దొర పేరు ఉంటుంది. వీళ్ళంతా ఎవరు? ఆ ఊరికి ఏం చేశారు?

ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఆ బోర్డుల మీద ఆడవాళ్ళ పేర్లు ఎన్ని?

రాజు పేరే ఊరి పేరు

రాజమండ్రి అసలు పేరు రాజమహేంద్రవరం. 2015లో ప్రభుత్వం మళ్ళీ ఆ పాత పేరునే ఊరికి పెట్టింది. కాగితాల మీద రాజమహేంద్రవరం అని రాస్తారు. నోటితో మాత్రం జనం రాజమండ్రి అనే అంటారు. రెండూ ఒకటే ఊరు. అర్జీలో ఒక పేరు, బస్సు మీద ఇంకో పేరు కనబడితే కంగారు పడనక్కరలేదు. 2022 నుంచి తూర్పు గోదావరి జిల్లాకు ఇదే ముఖ్య పట్టణం.

దగ్గర దగ్గర వెయ్యేళ్ళ కిందట రాజరాజ నరేంద్రుడు అనే రాజు ఇక్కడి నుంచి పాలించాడు. ఆయన చాళుక్య వంశం వాడు. 1022లో రాజయ్యాడు. ఆయన తల్లి కుందవ్వ, భార్య అమ్మంగదేవి. ఇద్దరూ తమిళ దేశపు చోళ రాజుల ఆడపడుచులే.

ఆ రాజు దగ్గర నన్నయ అనే కవి ఉండేవాడు. అప్పటికి మహాభారతం సంస్కృతంలో ఉంది. అది తెలుగు వాళ్ళకు తెలుగులో కావాలని రాజు కోరాడు. నన్నయ మొదలుపెట్టాడు. భారతంలో 18 భాగాలు ఉన్నాయి. వాటిని పర్వాలు అంటారు. నన్నయ రెండు పర్వాలు పూర్తిగా, మూడో పర్వం కొంత రాశాడు. మిగిలింది తిక్కన, ఎర్రన తర్వాతి కాలంలో రాశారు. ముగ్గురు కవులు, రెండు మూడు వందల ఏళ్ళు. ఒకరు మొదలుపెట్టిన పని ఇంకొకరు ఎత్తుకుంటేనే అది పూర్తయింది.

ఈ రాజు గురించి ఇంకో కథ కూడా చెప్తారు. అది సారంగధరుడి కథ. రాజు చిన్న భార్య చిత్రాంగి సవతి కొడుకు మీద మనసు పడిందట. అతను కాదన్నాడట. ఆమె చాడీలు చెప్తే రాజు కొడుకు కాళ్ళూ చేతులూ నరికించాడట. రాజమండ్రిలో సారంగధర మెట్ట అని ఒక మెట్టను ఇప్పటికీ చూపిస్తారు. ఈ కథతో నాటకాలు ఆడారు, సినిమాలు తీశారు. కానీ చరిత్రకారులు దీన్ని కథగానే చూస్తారు. జరిగినదానికి రాగిరేకో, రాతి మీద రాతో, పాత కాగితమో సాక్ష్యం ఉంటుంది. కథకు అలాంటి సాక్ష్యం అక్కరలేదు. అందుకే ఎప్పుడూ లేని చిత్రాంగి పేరు అందరికీ తెలుసు. నిజంగా రాజు భార్య అయిన అమ్మంగదేవి పేరు ఎవరికీ తెలీదు.

కాటన్ దొర, మట్టి తట్టలు

గోదావరి జిల్లాల్లో చాలా ఊళ్ళలో ఒక దొర విగ్రహం కనబడుతుంది. కొన్ని చోట్ల గుర్రం మీద కూర్చుని ఉంటాడు. ఆయనే ఆర్థర్ కాటన్. గోదావరిలో స్నానం చేసి పితృదేవతలకు నీళ్ళు వదిలేటప్పుడు ఈ దొర పేరు కూడా తలుచుకునే రైతులు ఉన్నారు. తెల్లదొరల పాలన వద్దని పోరాడిన ఈ నేల మీదే ఒక తెల్లదొరకు ఇంత గౌరవం ఎందుకు దక్కింది?

ఆనకట్ట లేని రోజుల్లో పక్కనే గోదావరి ఉన్నా పొలానికి నీళ్ళు లేవు. వానాకాలంలో వరద వచ్చి ఊళ్ళను ముంచేది. ఎండాకాలంలో నీరు అడుగున ఉండేది. పొలాలు ఎత్తున ఉండేవి. వాన పడకపోతే పంట లేదు. 1833లో పెద్ద కరువు వచ్చింది. 1839లో కోరంగి దగ్గర ఉప్పెన వచ్చింది. ఎంతోమంది చచ్చిపోయారు. బతికిన వాళ్ళు ఊళ్ళు వదిలి వలస పోయారు.

కాటన్ ఇంజనీరు. నదికి అడ్డంగా కట్ట వేసి, నీటి మట్టం పెంచి, కాలువల్లోకి మళ్ళించవచ్చని పై అధికారులకు రాశాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. రాజమండ్రికి కొంచెం దిగువన ఉన్న ఊరు అది. అక్కడ గోదావరి చాలా వెడల్పు. నది మధ్యలో లంకలు ఉన్నాయి. అందుకే కట్టను నాలుగు ముక్కలుగా కట్టారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం దగ్గర ఆ ముక్కలు ఉన్నాయి. 1852కి పని పూర్తయింది. కాలువలు తవ్వారు. ఎండిన పొలాలు వరి మడులయ్యాయి.

దొరల ప్రభుత్వం ఇది ఉత్త దయతో చేసిన పని అనుకోకూడదు. నీరు వస్తే పంట, పంట వస్తే శిస్తు. ఆ లెక్క వాళ్ళకు బాగా తెలుసు. కానీ కాటన్ మాత్రం కరువు చూసి చలించినవాడే. డబ్బు ఇవ్వడానికి వెనకాడిన అధికారులతో ఆయన గట్టిగా వాదించాడు.

ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా ఉన్న తెలుగువాడు వీణం వీరన్న. కూలీలను కూడగట్టడం, పని నడిపించడం ఆయన చూసుకున్నాడు. కాటన్ పేరు తెలిసినంతగా వీరన్న పేరు తెలీదు. ఇక రాళ్ళు మోసిన వాళ్ళు వేలమంది. సున్నం కలిపింది, మట్టి తట్టలు నెత్తిన పెట్టుకుని గట్టు ఎక్కింది ఆడా మగా కూలి జనమే. పొద్దు గుంకాక ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించింది మాత్రం ఆడవాళ్ళే. వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు.

పాత ఆనకట్ట బలహీనపడ్డాక దాని దగ్గరే కొత్త బరాజు కట్టారు. దానికీ కాటన్ పేరే పెట్టారు. పాతది ఉత్త గట్టు. దాని మీంచి నీరు పొర్లేది. కొత్తదానికి తలుపులు ఉన్నాయి. మొత్తం 175 తలుపులు. వరద వస్తే ఎత్తుతారు, లేకపోతే దించుతారు. దాని మీద రోడ్డు కూడా ఉంది. ధవళేశ్వరంలో కాటన్ పేరుతో ఒక ప్రదర్శనశాల ఉంది.

నీళ్ళ బిందె

రాజమండ్రిలో అందరికంటే ఎక్కువగా వినబడే పేరు కందుకూరి వీరేశలింగం పంతులు గారిది. ఆయన 1848 ఏప్రిల్ 16న ఈ ఊళ్ళోనే పుట్టారు. నాలుగేళ్ళ వయసులో తండ్రి పోయారు. తల్లి పున్నమ్మ గారు, పెదనాన్న గారు పెంచారు. 13 ఏళ్ళకు పెళ్ళయింది. పెళ్ళికూతురు ఇంకా చిన్నపిల్ల. ఆ అమ్మాయి పేరు బాపమ్మ. తర్వాత రాజ్యలక్ష్మి అయింది.

అంత చిన్న వయసులో పెళ్ళా అని ఇప్పుడు ఆశ్చర్యం వేస్తుంది. ఆ రోజుల్లో కొన్ని కులాల్లో అది మామూలు సంగతి. ఐదేళ్ళ పిల్లకు కూడా పెళ్ళి చేసేవాళ్ళు. మొగుడు అనే మాటకు అర్థం తెలియక ముందే ఆ మొగుడు జబ్బు చేసి చనిపోతే ఆ పిల్ల విధవ. పెద్దయ్యాక తల గొరిగించేవాళ్ళు. రంగు చీర లేదు, బొట్టు లేదు, పెళ్ళి పందిట్లోకి రానివ్వరు. వంటింట్లో చాకిరీ మాత్రం ఉంటుంది. మగవాడికి భార్య చనిపోతే నెల తిరగకుండా ఇంకో పెళ్ళి చేసేవాళ్ళు. అతను ముసలివాడైనా సరే.

విధవలు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. పాతికేళ్ళు గడిచినా తెలుగునాట చేసుకున్న వాళ్ళు లేరు. చట్టం కాగితం మీద ఉంది. వీధిలో కులం పెద్దలు ఉన్నారు. వెలి వేస్తామంటే ఎవరికి ధైర్యం వస్తుంది?

వీరేశలింగం గారు ముందు ఆడపిల్లల చదువుతో మొదలుపెట్టారు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. అదే ఏడాది 'వివేకవర్ధని' అనే పత్రిక పెట్టారు. లంచాలు తినే అధికారుల సంగతీ, బాల్య వివాహాల సంగతీ అందులో రాసేవారు. తర్వాత 1883లో ఆడవాళ్ళ కోసమే 'సతీహితబోధిని' అనే పత్రిక నడిపారు. ఆ రోజుల్లో చదవగలిగిన ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. అయినా వాళ్ళ కోసం ఒక పత్రిక ఉండాలని ఆయన అనుకున్నారు.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారి ఇంట్లో పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు. పెళ్ళికూతురు గౌరమ్మ అనే బాల వితంతువు. తెలుగు నేల మీద ఇదే తొలి వితంతు వివాహం అని చెప్తారు. ఖర్చుకు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు డబ్బు ఇచ్చారు. వీరేశలింగం గారి దగ్గర చదువుకునే కుర్రాళ్ళు అండగా నిలబడ్డారు. గొడవలు జరుగుతాయని పోలీసులను కూడా పెట్టాల్సి వచ్చింది.

ఊరు మాత్రం పగబట్టింది. బంధువులు గడప తొక్కలేదు. వంటవాళ్ళు రామన్నారు. నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. కుళాయిలు లేని రోజులు. పెళ్ళి ఇల్లు, ఇంటి నిండా జనం, చుక్క నీరు లేదు. ఎలా?

రాజ్యలక్ష్మి గారు బిందె తీసుకున్నారు. గోదావరికి వెళ్ళి తనే నీళ్ళు మోసుకొచ్చారు. తనే వంట చేశారు. ఉపన్యాసం ఇవ్వాలంటే ఒక ధైర్యం కావాలి. వీధిలో పది ఇళ్ళ ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూస్తుంటే నీళ్ళ బిందెతో నడవడానికి ఇంకో రకం ధైర్యం కావాలి. రెండోది తక్కువది అని ఎవరైనా అంటే వాళ్ళు ఎప్పుడూ నీళ్ళు మోయలేదన్నమాట.

పెళ్ళయ్యాక కష్టాలు ఇంకా పెరిగాయి. భోజనానికి వచ్చిన వాళ్ళను కూడా వెలి వేశారు. కొందరు భయపడి ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. స్నేహితులు కొందరు దూరమయ్యారు. రాజ్యలక్ష్మి గారు మాత్రం వెనక్కి తగ్గలేదు. పుట్టింటి వాళ్ళు ఎక్కడ, అత్తింటి చుట్టాలు ఎక్కడ అని అడిగితే ఆమెకు జవాబు లేదు. అయినా ఆ తర్వాత కూడా వితంతు బాలికలు ఆమె ఇంటికే వచ్చారు. ఆమెకు పిల్లలు లేరు. వచ్చిన పిల్లలకే తల దువ్వింది, అన్నం పెట్టింది, అక్షరాలు నేర్పింది. తర్వాత వితంతువుల కోసం శరణాలయం పెట్టినప్పుడు అక్కడ ఉన్న ఆడవాళ్ళకు ఆమే పెద్దదిక్కు.

ఆమె 1910లో చనిపోయారు. వీరేశలింగం గారు 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. తన ఆస్తిని ఆయన హితకారిణీ సమాజానికి రాసిచ్చారు. రాజమండ్రిలో ఆయన ఇంటిని ఇప్పటికీ కాపాడి ఉంచారు. ఆ ఇంట్లో అడుగు పెట్టిన వాళ్ళు పంతులు గారి గది చూస్తారు. వంటిల్లు ఎక్కడ అని కూడా అడగవచ్చు.

తల వంచని సుబ్బమ్మ గారు

వితంతువులకు మళ్ళీ పెళ్ళి చేయాలన్నది వీరేశలింగం గారి దారి. ఇంకో దారిలో నడిచిన వితంతువు ఒకరు ఉన్నారు. ఆమె దువ్వూరి సుబ్బమ్మ గారు.

ఆమె 1880లో ద్రాక్షారామంలో పుట్టారు. చిన్న వయసులోనే భర్త పోయాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పురాణాలు, పద్యాలు కంఠతా నేర్చుకున్నారు. గాంధీ గారి పిలుపు విని సభల్లో మాట్లాడడం మొదలుపెట్టారు. ఆమె గొంతు విప్పితే జనం కదిలేవాళ్ళు కాదట. 1922లో ప్రభుత్వం ఆమెకు ఏడాది జైలు శిక్ష వేసింది. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్ళిన తొలి ఆంధ్ర మహిళ ఆమే అంటారు. తప్పు అయిందని ఒక్క మాట అంటే వదిలేస్తామన్నారు. ఆమె అనలేదు.

ఆమె రాజమండ్రిలో ఆడవాళ్ళ కోసం ఒక బడి పెట్టారు. దాని పేరు సనాతన స్త్రీ విద్యాలయం. సనాతన అంటే పాతకాలం నుంచి వస్తున్నది అని. పాత ఆచారాలను ఆమె పూర్తిగా వదలలేదు. వీరేశలింగం గారితో ఆమెకు కొన్ని విషయాల్లో పొత్తు కుదరకపోవచ్చు. ఆడవాళ్ళకు చదువు కావాలనే దగ్గర మాత్రం ఇద్దరూ ఒకటే. సుబ్బమ్మ గారు 1964 దాకా బతికారు. స్వతంత్రం కళ్ళారా చూశారు.

ఇంకొందరు

టంగుటూరి ప్రకాశం గారు ఒంగోలు వైపు నుంచి వచ్చి ఈ ఊళ్ళో చదువుకున్నారు. ఇక్కడే వకీలు పని చేశారు. మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తొలి ముఖ్యమంత్రి ఆయనే. ఆయన చిన్నప్పుడే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను సాకారు. పూటకూళ్ళమ్మ అంటే అప్పట్లో చులకన. ఆ చులకన తల్లి పడింది. కొడుకు ముఖ్యమంత్రి అయ్యాడు.

1907లో బిపిన్ చంద్రపాల్ అనే నాయకుడు రాజమండ్రి వచ్చి మాట్లాడారు. కుర్రాళ్ళు వందేమాతరం అన్నారు. ఆ గొడవలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు అనే విద్యార్థిని కాలేజీ నుంచి తీసేశారు. తర్వాత ఆయన ఊరూరా గ్రంథాలయాలు రావాలని, పెద్దవాళ్ళకు కూడా చదువు చెప్పాలని పాటుపడ్డారు. రాత్రి బడి అనే మాట వెనుక అలాంటి వాళ్ళ చెమట ఉంది. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. నాళం కృష్ణారావు గారు దానికి పునాది వేసిన వాళ్ళలో ఒకరు. పాత తాటాకు పుస్తకాలు కూడా అక్కడ ఉన్నాయి.

దామెర్ల రామారావు గారు బొమ్మలు గీసేవారు. 1897లో ఇక్కడే పుట్టారు. కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే అనే దొర ఆయన చేతిలో కళ ఉందని గుర్తించి బొంబాయిలో చదువుకునేలా చేశాడు. తిరిగి వచ్చి ఊళ్ళో పిల్లలకు బొమ్మలు నేర్పారు. 1925లో మశూచి సోకి చనిపోయారు. అప్పటికి 28 ఏళ్ళు కూడా నిండలేదు. మశూచికి టీకా ఉన్న రోజులే అవి. అందరికీ అందేది కాదు. ఆయన భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా బొమ్మలు గీసేవారు. ఆయన పేరు పెట్టిన చిత్రశాల ఊళ్ళో ఉంది. దాని లోపలికి వెళ్తే ఆడవాళ్ళ బొమ్మలు చాలా కనబడతాయి. ఆ బొమ్మల కింద రాసిన పేర్లు కూడబలుక్కుని చదవవచ్చు.

ఇక వంతెన. గోదావరి మీద పాత రైలు వంతెన 1900లో తెరిచారు. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు దానికి పెట్టారు. అంతకు ముందు అవతల ఒడ్డున కొవ్వూరు వెళ్ళాలంటే పడవే గతి. దాదాపు వంద ఏళ్ళు రైళ్ళు దాని మీద నడిచాయి. 1997లో ఆగిపోయాయి. అప్పటికే పక్కన రోడ్డూ రైలూ కలిసిన పెద్ద వంతెన వచ్చింది. ఆ తర్వాత విల్లుల్లాంటి కమానుల వంతెన కూడా వచ్చింది. ఏ వంతెన మీద వెళ్ళినా గోదావరి రాగానే పైసలు విసరడం మాత్రం మానలేదు. పక్కన కూర్చున్న ఆమె కొంగు ముడి విప్పి రూపాయి తీస్తే, ఆ రూపాయి ఏ వంతెన మీంచి పడిందో గోదావరికి అక్కరలేదు.

మాట్లాడుకోండి

1. రాజ్యలక్ష్మి గారు నీళ్ళ బిందె తీసుకోకపోతే ఆ పెళ్ళి జరిగేదా? మీరేం అనుకుంటున్నారు?

2. విధవలు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లో చట్టం వచ్చింది. తెలుగునాట తొలి పెళ్ళి 1881లో జరిగింది. మధ్యలో ఎన్ని ఏళ్ళు? లెక్క కట్టండి. చట్టం వచ్చినా జనం ఆచరించని సంగతులు ఇప్పుడేమైనా ఉన్నాయా?

3. సారంగధరుడి కథ లాంటి కథ మీ ఊళ్ళో ఏదైనా ఉందా? అందులో ఎంత నిజం, ఎంత కథ?

రాయండి

మీ ఊళ్ళో బడి, చెరువు, నుయ్యి, గుడి ఉంటాయి. ఒక దాన్ని ఎంచుకోండి. దాన్ని ఎవరు కట్టించారు? ఎవరు కట్టారు? ముసలివాళ్ళను అడగండి. అమ్మమ్మనూ నాయనమ్మనూ ముందు అడగండి. వాళ్ళు చెప్పిన పేర్లు పలక మీద కాకుండా నోటు పుస్తకంలో రాయండి.